ఎమర్జెన్సీని పార్లమెంటు ఆపగలదా? సభను పిలిచేదెవరో ముందు చూడాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: 2024 డిసెంబర్‌లో దక్షిణ కొరియా అధ్యక్షుడు రాత్రికి రాత్రి మార్షల్ లా పెడితే, అక్కడి ఎంపీలు గోడలు దూకి సభలోకి వెళ్లి తెల్లారేలోగా ఎత్తేయించారు. మన దగ్గర 1975 మళ్లీ వస్తే పార్లమెంటు అలా ఆపగలదా? ఎమర్జెన్సీ నిబంధనలను బిగించిన 44వ రాజ్యాంగ సవరణ తర్వాత ఇక భయం లేదని కోచింగ్‌లో చెప్పారు, నిజమేనా? అసలు ఆ సవరణ మొత్తం అమల్లో ఉందా?

నేను శాసనసభ సచివాలయంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం సభ ముందుంచే కాగితాల విభాగంలోనే గడిచింది. ఆర్డినెన్సులు, గెజిట్ నోటిఫికేషన్లు, శాఖల నిబంధనలు అన్నీ మా బల్లల మీదుగానే సభకు వెళ్లేవి. కాబట్టి నాది కాస్త గుమాస్తా చూపు. ఏ అధికరణం ఎంత గొప్పది అన్నదానికంటే నోటీసు ఎవరికివ్వాలి, ఎన్ని రోజుల్లో, ఎన్ని సంతకాలతో అన్నవే నాకు ముందు కనబడతాయి. ఈ విషయంలో అదే అక్కరకొస్తుందని నా నమ్మకం.

ఎమర్జెన్సీని ఆమోదించే అధికారం, కాదనే అధికారం పార్లమెంటుకు 1950 నుంచీ ఉంది. 1975లో కూడా ఉంది. ఉండి కూడా ఏమీ చేయలేకపోయింది. సభను ఎప్పుడు పిలవాలో ప్రభుత్వం చేతిలో ఉంది, సభలో కూర్చున్నవాళ్లు ఎటు చెయ్యెత్తాలో పార్టీ చేతిలో ఉంది. ఈ రెండూ ఒకే మనిషి గుప్పిట్లో ఉంటే ఆమోదం అనేది గంగిరెద్దు తలూపడమే.

1975నే తీసుకోండి. జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదంది. జూన్ 24న సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ షరతులతో స్టే ఇచ్చారు. 25 రాత్రి ప్రధాని నుంచి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్‌కు లేఖ వెళ్లింది. కేబినెట్ ముందు పెట్టాలనుకున్నాను గానీ ఈ రాత్రికి వీలుపడదు, రేపు పొద్దున్నే పెడతాను అన్నది దాని సారాంశం. ప్రభుత్వ కార్యకలాపాల నిబంధనల్లో 12వ నిబంధన ఒకటుంది. అవసరమనిపిస్తే ప్రధాని మామూలు పద్ధతిని పక్కనపెట్టొచ్చంటుంది. దాన్నే వాడారు. రాష్ట్రపతి సంతకం పెట్టేశారు. మంత్రులకు తెలిసింది 26 పొద్దున ఆరింటికి, కేబినెట్‌కు పిలిచినప్పుడు. అప్పటికే అరెస్టులు జరిగిపోయాయి.

ఇక పార్లమెంటు. జులై 21న సమావేశమైంది. మొదటి పనిగా ప్రశ్నోత్తరాల సమయాన్ని ఎత్తేశారు, ప్రైవేటు సభ్యుల బిల్లులూ తీర్మానాలూ లేవన్నారు, ప్రభుత్వం తెచ్చిన ముఖ్యమైన పనే జరుగుతుందన్నారు. (అప్పటి పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి మన గుంటూరు ఎంపీ రఘురామయ్య.) ప్రతిపక్ష సభ్యుల్లో చాలామంది జైళ్లలో ఉన్నారు. రాజ్యసభ 136 – 33తో, లోక్‌సభ 336 – 59తో ఎమర్జెన్సీని ఆమోదించాయి. అప్పటి గడువు రెండు నెలలు, నెలలోపే పని పూర్తయింది. కాగితం మీద ఎక్కడా వేలెత్తి చూపడానికి లేదు. సభ జరిగింది, చర్చ జరిగింది, ఓటింగ్ జరిగింది. ఆ తర్వాత పది రోజులు తిరక్కుండానే, ఆగస్టు 1 నాటికి, ఎమర్జెన్సీ ప్రకటనను కోర్టుల్లో ప్రశ్నించకుండా 38వ సవరణ కూడా వచ్చేసింది.

ఇంకొకటుంది, దీన్ని చాలామంది మరిచిపోతారు. పార్లమెంటులో జరిగింది ఉన్నదున్నట్టు అచ్చేస్తే పత్రికల మీద కేసు పెట్టకూడదని 1956లో ఒక చట్టం వచ్చింది. దాన్ని ప్రైవేటు బిల్లుగా తెచ్చింది ఫిరోజ్ గాంధీ, ఇందిర భర్త. 1975 డిసెంబర్‌లో ఆ చట్టాన్ని రద్దు చేశారు, అదీ ఆర్డినెన్సుతో. అంటే సభలో ఎవరైనా ధైర్యం చేసి మాట్లాడినా బయటివాళ్లకు చేరే దారి మూసుకుపోయింది. సభ పర్యవేక్షణ అంటే ఓట్లు లెక్కపెట్టడం ఒక్కటే అనుకునేవాళ్లకు నేను ఎప్పుడూ ఈ సంగతే చెబుతుంటాను. ప్రశ్న అడిగే వేళ పోయి, ఆ ప్రశ్న పేపర్లో వచ్చే వీలూ పోయాక ఓటు ఉండి ఏం లాభం?

1977లో జనతా ప్రభుత్వం వచ్చాక 44వ సవరణ రాసినవాళ్లకు ఇవన్నీ కళ్లముందే ఉన్నాయి. అందుకే అది సిద్ధాంతంలా ఉండదు, దొంగతనం జరిగిన ఇంటికి తర్వాత వేయించిన గడియల్లా ఉంటుంది. ఏ గడియ ఏ సందులో పడిందో చూడండి. ‘ఆంతరంగిక కల్లోలం’ అన్న సాగే మాట తీసేసి ‘సాయుధ తిరుగుబాటు’ అని పెట్టారు. కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా రాష్ట్రపతికి చేరాలన్నారు. ఇక్కడో చిన్న విశేషం. మన రాజ్యాంగం మొత్తంలో ‘కేబినెట్’ అనే మాట ఎమర్జెన్సీ గురించిన ఈ 352వ అధికరణంలో తప్ప మరెక్కడా లేదు, మిగతా అంతటా ‘మంత్రిమండలి’యే. పొద్దున ఆరింటికి మంత్రులను లేపి చెప్పిన పద్ధతికి అది జవాబు. ఫిరోజ్ గాంధీ చట్టంలోని రక్షణను కూడా 361ఎ పేరుతో రాజ్యాంగంలోకే ఎక్కించారు. ఈ సవరణ మీద 1979 ఏప్రిల్ 30న సంతకం పెట్టిన రాష్ట్రపతి మన నీలం సంజీవరెడ్డి.

ఆమోదం విషయంలో లెక్కలు బిగించారు. రెండు నెలల గడువు ఒక నెల అయింది. రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు కావాలి. లోక్‌సభలో 543 మందీ వచ్చి ఓటేస్తే 362 ఓట్లు. ఎంత తక్కువ మంది వచ్చినా 272కు తగ్గకూడదు. ఆమోదించాక కూడా ఆరు నెలలకోసారి మళ్లీ సభకు రావాలి. దీనికీ ఒక కారణముంది. 1971 డిసెంబర్ 3న బంగ్లాదేశ్ యుద్ధానికి పెట్టిన ఎమర్జెన్సీ, ఒక్కసారి ఆమోదం పొంది 1977 మార్చి దాకా నడుస్తూనే ఉంది. 1975లో పెట్టింది దాని మీద ఇంకొకటి. యుద్ధం పద్నాలుగు రోజుల్లో అయిపోయింది, ఎమర్జెన్సీ ఐదేళ్లు దాటింది.

ఇవన్నీ ప్రతి గైడులోనూ ఉంటాయి. ఒకే లైనులో దాటేసేది 352(8). నా దృష్టిలో ఆ సవరణ ప్రాణం అక్కడే ఉంది. లోక్‌సభ సభ్యుల్లో పదో వంతు, అంటే నేటి లెక్కన 55 మంది, ఎమర్జెన్సీని కాదనే తీర్మానం పెడతామని రాసి సంతకాలు పెడితే, నోటీసు అందిన 14 రోజుల్లో ప్రత్యేకంగా సభ జరపాలి. సభ నడుస్తుంటే నోటీసు స్పీకర్‌కు, నడవకపోతే రాష్ట్రపతికి. ‘పిలవచ్చు’ కాదు, ‘జరపాలి’. 85వ అధికరణం ప్రకారం సభలను పిలిచేది రాష్ట్రపతి, అంటే ఆచరణలో ప్రభుత్వమే. సభ తాళంచెవికి నకలు చేయించి ప్రతిపక్షానికి ఇచ్చింది ఈ ఒక్కచోటే. ఆ తీర్మానం నెగ్గడానికి మూడింట రెండొంతులు అక్కర్లేదు, మామూలు మెజారిటీ చాలు. పెట్టడం కష్టం, తీసేయడం తేలిక. రాసినవాళ్లకు దండం పెట్టాలి.

కానీ ఈ క్లాజును ఇంతవరకు ఎవరూ వాడలేదు. 1977 తర్వాత జాతీయ ఎమర్జెన్సీయే రాలేదు కాబట్టి అవసరం పడలేదు. అవసరం పడిన రోజు ఎలా ఉంటుందో నా అనుభవంతో ఊహించి చెబుతాను. అవిశ్వాస తీర్మానం నోటీసు వస్తే మేం చేసే మొదటి పని సంతకాలు సరిచూడటం. సభ్యుల నమూనా సంతకాలు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ చూసేవాళ్లం. ఒకసారి ఒక సభ్యుడు ఆసుపత్రి మంచం మీద పెట్టిన సంతకం గీతలు పోయి ఉంది, అది ఆయనదేనా అన్నదాని మీద మధ్యాహ్నమంతా గడిచిపోయింది. ఇప్పుడు ఆ 55 మందిలో ఇరవై మంది నాలుగు రాష్ట్రాల జైళ్లలో ఉన్నారనుకోండి. కాగితం ఎవరు తిప్పుతారు? జైలు సూపరింటెండెంట్ దాన్ని లోపలికి రానిస్తాడా? రాజ్యాంగంలో ఆ జవాబు లేదు. సంతకాలు పెట్టినవాళ్లు ఆ రోజుకు సభకు రాగలగాలన్నదీ అందులో లేదు.

అంతకంటే పెద్ద చిక్కు 1985లో వచ్చింది. ఫిరాయింపుల నిరోధానికి 52వ సవరణ, పదో షెడ్యూల్. దాని ఉద్దేశం మంచిదే. ఆయారాం గయారాంలతో విసిగి తెచ్చుకున్నాం, మన తెలుగు రాష్ట్రాల్లో ఆ చట్టం గతి ఏమైందో వేరే చెప్పక్కర్లేదు. అయితే అది విశ్వాస తీర్మానానికే పరిమితం కాలేదు. పార్టీ విప్, అంటే ఇటే ఓటేయాలన్న ఆదేశం, ఇస్తే ఏ ఓటుకైనా వర్తిస్తుంది. 1978లో 352(7), (8) రాసినవాళ్ల మనసులో ఉన్న బొమ్మ వేరు. అధికార పక్షంలోనే కొందరికి మనస్సాక్షి కదిలి, ప్రతిపక్షంతో కలిసి ఓటేసి ఎమర్జెన్సీని దింపేస్తారని వాళ్లు అనుకున్నారు. 1985 తర్వాత అలా ఓటేస్తే, పార్టీ క్షమించకపోతే సీటు పోతుంది. తాళంచెవి చేతికిచ్చి ఏడేళ్లు తిరక్కుండానే తలుపు వెనక బండరాయి పెట్టుకున్నాం. ఈ రెండు సవరణలనూ పక్కపక్కన పెట్టి చదివేవాళ్లు తక్కువ.

కొరియా సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. 2024 డిసెంబర్ 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ మార్షల్ లా ప్రకటించారు. వాళ్ల రాజ్యాంగం 77వ అధికరణం ప్రకారం మొత్తం సభ్యుల్లో సగానికి మించి అడిగితే అధ్యక్షుడు దాన్ని ఎత్తేయాలి. 300 మందిలో 190 మంది లోపలికి చేరగలిగారు. పోలీసులు గేట్లు మూస్తే స్పీకర్ వూ వోన్ షిక్ కూడా కంచె ఎక్కే వెళ్లారు. రాత్రి ఒంటిగంటకు 190 – 0. తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో అధ్యక్షుడు వెనక్కి తగ్గారు. మనవాళ్లు గోడ దూకిన ఫొటోలు చూసి మురిసిపోయారు. నేను చూసింది ఆ 190 లోపలి లెక్క. అందులో 18 మంది అధ్యక్షుడి సొంత పార్టీవాళ్లు. అదే మన సభ అయి, విప్ వచ్చి ఉంటే ఆ 18 మందికీ అనర్హత నోటీసులు వెళ్లేవి. ఇంకో తేడా కూడా ఉంది. అక్కడ సభ జరపడానికి అధ్యక్షుడి పిలుపు కోసం ఎదురుచూడలేదు, స్పీకర్ చాలు. స్పీకరేమో ప్రతిపక్షం నుంచి వచ్చినవాడు. మనకు 14 రోజులు. వాళ్లకు రెండున్నర గంటలు పట్టింది. 1975 జూన్ 25 రాత్రి గుర్తు చేసుకుంటే 14 రోజులంటే ఎంతో మీకే తెలుస్తుంది.

అమెరికా గురించి కూడా ఒక్కమాట. అక్కడ 1976లోనే చట్టం చేసి, ఎమర్జెన్సీని కాంగ్రెస్ సొంత తీర్మానంతో రద్దు చేయొచ్చన్నారు. 1983లో వేరే కేసులో సుప్రీంకోర్టు అలాంటి తీర్మానాలు అధ్యక్షుడి సంతకం లేకుండా చెల్లవంది. దాంతో 2019లో సరిహద్దు గోడ కోసం ట్రంప్ పెట్టిన ఎమర్జెన్సీని రెండు సభలూ కాదన్నా, ఆయన వీటో చేశారు. వీటోను దాటడానికి మూడింట రెండొంతులు దొరకలేదు. ఎమర్జెన్సీ పెట్టినాయనే దాన్ని తీసేసే కాగితం మీద సంతకం పెట్టాలన్నమాట.

మన దగ్గర సభ నిజంగా ఆపిన సందర్భమే లేదా? ఒకటుంది, అయితే 352 కింద కాదు, 356 కింద. 1999 ఫిబ్రవరి 12న బీహార్‌లో రబ్రీదేవి ప్రభుత్వాన్ని తీసేసి రాష్ట్రపతి పాలన పెట్టారు. లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభలో వాజ్‌పేయి ప్రభుత్వానికి బలం లేదు, కాంగ్రెస్ ఒప్పుకోలేదు. ఓడిపోవడమెందుకని మార్చి 8న ప్రకటనను కేంద్రమే వెనక్కి తీసుకుంది, రబ్రీదేవి మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. ఇది సాధ్యపడటానికి వెనక 1994 నాటి బొమ్మై తీర్పు ఉంది. రెండు సభలూ ఆమోదించేదాకా అసెంబ్లీని రద్దు చేయకూడదని తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం అంది. అసెంబ్లీ బతికుండబట్టే ప్రభుత్వం తిరిగి రాగలిగింది. ఎవరి మనస్సాక్షీ కదిలి కాదు. కేంద్రంలో ఉన్నవాళ్లకు పెద్దల సభలో లెక్క సరిపోలేదు, అంతే. ఇలాంటి విషయాల్లో నేను సభ్యుల ధైర్యం మీద కంటే ఇలాంటి లెక్కల మీదే ఎక్కువ ఆశ పెట్టుకుంటాను.

లెక్క సరిపోతే ఎలా ఉంటుందో కూడా చూశాం. మణిపూర్‌లో 2025 ఫిబ్రవరి 13న రాష్ట్రపతి పాలన పెట్టారు. లోక్‌సభ ముందుకు ఆ తీర్మానం వచ్చింది ఏప్రిల్ 3 తెల్లవారుజామున, వక్ఫ్ బిల్లు మీద పన్నెండు గంటలు దాటిన చర్చ ముగిశాక, రెండు గంటల వేళ. సుమారు నలభై నిమిషాల్లో మూజువాణి ఓటుతో అయిపోయింది. రెండు నెలల గడువు దాటలేదు, నిబంధన తప్పలేదు.

అసలు నన్ను అడిగితే, ఇకమీదట 352తో ఎవరికీ పెద్దగా పని ఉండదు. అంత కట్టుదిట్టంగా ఉన్న తలుపు ఎవరు కొడతారు, పక్కనే దొడ్డిదారి ఉండగా? 2020 కోవిడ్ చూడండి. పార్లమెంటు మార్చి 23న నిరవధికంగా వాయిదా పడింది. మర్నాడు రాత్రి ఎనిమిదింటికి లాక్‌డౌన్ ప్రకటన, నాలుగు గంటల్లో అమలు. వాడింది 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. ఆ చట్టం కింద ఇచ్చే ఉత్తర్వులకు సభ ఆమోదం అక్కర్లేదు, ఇన్ని నెలలకు గడువు ముగుస్తుందన్న షరతూ లేదు. ఆ ఉత్తర్వుల పరంపర 2022 మార్చి 31 దాకా సాగింది. అదే 352 కింద అయితే ఆ రెండేళ్లలో నాలుగుసార్లు ప్రత్యేక మెజారిటీతో సభ ఆమోదం పొందాల్సి వచ్చేది. పొందింది సున్నా సార్లు. లాక్‌డౌన్ తప్పని నేననడం లేదు, ఆ రోజుల్లో మా వీధిలో జరిగినవి చూసినవాణ్ణి. అడిగే చోటు మూతపడిందనే అంటున్నాను. సెప్టెంబర్ 14న సభ తిరిగి కూర్చున్నప్పుడు ప్రశ్నోత్తరాల సమయాన్ని ఎత్తేశారు, జీరో అవర్ అరగంటకు కుదించారు. లిఖితపూర్వక జవాబులు మాత్రం ఉంచారు. అందులో ఒకదానికి కార్మిక శాఖ ఇచ్చిన జవాబు: ఊళ్లకు నడుస్తూ చనిపోయిన వలస కూలీల లెక్కలు మా దగ్గర లేవు. లేచి నిలబడి అనుబంధ ప్రశ్న వేసే వీలుంటే అక్కడితో ఆగేదా?

మన రాష్ట్రాలేం తక్కువ తినలేదు. 2020 మార్చి చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీ పెట్టే పరిస్థితి లేదని, మూడు నెలల ఖర్చుకు ఓట్ ఆన్ అకౌంట్‌ను ఆర్డినెన్సుతో తెచ్చారు. ఖజానా తాళమే సభకున్న అసలు బలం. దాన్ని గవర్నర్ సంతకంతో తెరిచారు. బడ్జెట్ సమావేశం జూన్‌లో రెండు రోజులు జరిగింది. కోవిడ్ కదా అని సరిపెట్టుకుందాం. 2024లో ఏ కోవిడ్ లేదు, ప్రభుత్వమూ మారింది. జులై నెలాఖరున మళ్లీ ఓట్ ఆన్ అకౌంట్‌కు ఆర్డినెన్సే. రెండు పార్టీల అభిమానులూ దీని మీద నాకు మెసేజ్‌లు పెట్టకండి, ఇద్దరికీ ఒకే జవాబు.

ఆర్డినెన్సు సభ ముందుకు వచ్చే తీరు చూడనివాళ్లకు చెబుతాను. ప్రశ్నోత్తరాలయ్యాక మంత్రిగారు లేస్తారు. ‘అధ్యక్షా, తమరి అనుమతితో ఫలానా ఆర్డినెన్సు ప్రతిని సభ ముందుంచుతున్నాను’ అంటారు, కూర్చుంటారు. ఏడెనిమిది సెకన్లు. ఆ ప్రతులు సభ్యుల బల్లల మీద కట్టలుగా ఉంటాయి, సాయంత్రం మా అటెండర్ ఎత్తుకొచ్చేసరికి చాలా కట్టలకు ట్వైన్ దారం ముడి కూడా విప్పి ఉండేది కాదు. అయినా ఆ ఏడెనిమిది సెకన్లు ముఖ్యం. ఆర్డినెన్సు సభ చేతికి వచ్చేది అప్పుడే. సభ కూర్చున్న రోజు నుంచి నడిచే ఆరు వారాల గడియారం ముగిసేలోగా దాన్ని చట్టం చేయకపోతే అది పోతుంది. బీహార్‌లో ఆ గడియారాన్నే మోసం చేశారు. సభలో పెట్టకుండా, గడువు ముగియగానే మళ్లీ అదే ఆర్డినెన్సు జారీ. పుణెలో ఆర్థికశాస్త్రం చెప్పే డి.సి. వాధ్వా అనే ప్రొఫెసర్ కూర్చుని బీహార్ గెజిట్లు తిరగేసి, 1967 – 1981 మధ్య 256 ఆర్డినెన్సులను ఏడాది నుంచి పద్నాలుగేళ్ల దాకా ఇలా బతికించారని తేల్చాడు. ఆ లెక్క పట్టుకునే 1986లో సుప్రీంకోర్టు దీన్ని రాజ్యాంగం మీద మోసం అంది. 2017 జనవరిలో ఏడుగురు జడ్జీలు మరో మెట్టు ఎక్కి, సభ ముందుంచడం తప్పనిసరి అన్నారు. ఈ విషయంలో ఎమ్మెల్యేలకంటే ఒక లెక్చరరు ఎక్కువ పర్యవేక్షణ చేశాడని మా ఆఫీసులో అనుకునేవాళ్లం.

ఇక మీ చివరి ప్రశ్న, 44వ సవరణ మొత్తం అమల్లో ఉందా అన్నది. లేదు. విచారణ లేకుండా నిర్బంధించే అధికారాన్ని తగ్గిస్తూ ఆ సవరణ చట్టంలో 3వ సెక్షన్ ఉంది. సలహా మండలి ఒప్పుకోకుండా జైల్లో ఉంచగలిగే గడువును మూడు నెలల నుంచి రెండు నెలలకు తెస్తుంది, ఆ మండలిని హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫార్సుతో వేయాలంటుంది. పార్లమెంటు ఆమోదించింది, సంజీవరెడ్డిగారు సంతకం చేశారు. కానీ ఏ సెక్షన్ ఏ రోజు అమల్లోకి వస్తుందో ప్రభుత్వం నోటిఫై చేయాలని మొదటి సెక్షన్‌లో రాసుకున్నారు. మిగతావి చాలావరకు 1979లోనే నోటిఫై అయ్యాయి. ఇది కాలేదు. 1981లో ఎ.కె. రాయ్ కేసులో సుప్రీంకోర్టును అడిగితే, నోటిఫై చేయమని ప్రభుత్వాన్ని మేం ఆదేశించలేం అంది. ఆ తర్వాత కేంద్రంలో అన్ని రంగుల ప్రభుత్వాలూ వచ్చి వెళ్లాయి. మీ దగ్గర రాజ్యాంగం ప్రతి ఉంటే 22వ అధికరణం తెరిచి పేజీ కింద చిన్న అక్షరాల్లో ఉన్న ఫుట్‌నోట్ చదవండి. సెక్షన్ 3 అమలు తేదీ ఇంకా నోటిఫై కావాల్సి ఉందని అందులోనే ఉంటుంది.